పోరంబోకు గబ్బిలాలు

బెంగుళూరు నుంచి పుంగనూరు వైపు మా ఊరికి వెళ్ళాలంటే కోలారు, ముళబాగల్ మీదుగా దారి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి లెక్కేస్తే ఇరవై ఏళ్ళకు పైనే అయింది ఆ దారిన తిరగబట్టి. మొదట బస్సులో, తర్వాత కారులో. కోలారు దాటాక రోడ్డుకి అటూ ఇటూ గుట్టలు. ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్లు. వాటి మధ్య తుమ్మ, సీతాఫలం, ఏవో ముళ్ళ పొదలు. మా అబ్బాయి చిన్నప్పుడు ఒకసారి "నాన్నా, ఇక్కడేముంటాయి?" అని అడిగాడు. "ఏం లేవురా, ఉట్టి రాళ్ళు" అన్నాను.

తప్పు చెప్పాను. ఆ ఉట్టి రాళ్ళలో, ముళబాగల్ తాలూకా హనుమనహళ్ళి అనే చిన్న ఊరి దగ్గర ఒక గుహలో, ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక గబ్బిలం ఉంది. పులి పోయినా ఇంకో అడవిలో ఇంకో పులి ఉంటుంది. దీనికి ఆ ఒక్క గుహే. నేను ఏడాదికి నాలుగైదుసార్లు దాని పక్కనుంచే చట్నీ, ఇడ్లీ తిని పోతున్నాను :)

దాని పేరు కోలారు ఆకుముక్కు గబ్బిలం. ముక్కు మీద ఆకులాగా ముడతలు పడిన చర్మం ఉంటుంది కాబట్టి ఆకుముక్కు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సెంకెన్‌బర్గ్ మ్యూజియం శాస్త్రవేత్త డీటర్ కాక్, పూణే జాతీయ వైరాలజీ సంస్థలో పనిచేసిన హెచ్.ఆర్. భట్ కలిసి 1994 లో ఇది వేరే జాతి అని ప్రకటించారు. అంటే కంప్యూటర్లు, శాటిలైట్లు అన్నీ వచ్చాక గానీ బెంగుళూరుకి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక జంతువుకి పేరు పెట్టలేకపోయాం. అప్పట్లో అది రెండు చోట్ల ఉండేది. ఒకటి హనుమనహళ్ళి, ఇంకోటి కోలారు పక్కనే తేరహళ్ళి గుట్ట. తర్వాత వెతికినవాళ్ళకి తేరహళ్ళిలో కనపడలేదు. హనుమనహళ్ళిలో మిగిలినవి రెండు వందల లోపే అని అంచనా. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో దీన్ని పెట్టారు.

సరే, అసలు విషయానికొస్తాను. గబ్బిలాల రక్షణ అంటే మనకి వెంటనే దట్టమైన అడవి గుర్తొస్తుంది. కేరళ, అస్సాం, జలపాతాలు, పొగమంచు. మన దక్కను మెట్ట సీమలో, ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే చోట, కాపాడటానికి ఏముంటుందిలే అనుకుంటాం. ఆకురాల్చే అడవి ఎండాకాలంలో చూస్తే కట్టెల మోపులాగే ఉంటుంది మరి. కానీ గబ్బిలానికి కావలసింది పచ్చదనం ఒక్కటే కాదు. పగలంతా తలదాచుకునే చోటు కావాలి. బయట ఎండ 42 డిగ్రీలున్నా లోపల చల్లగా, తేమగా ఉండాలి. మెట్ట దేశంలో అలాంటివి మూడే. బండల సందులు, పాత గోడలు, పెద్ద చెట్లు. ఈ మూడూ మన లెక్కలో దేనికీ పనికిరానివి. నేను ఈ టపాలో చెప్పాలనుకున్నది ఇదే.

ఒక్కొక్కటే చూద్దాం.

బండలు

నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలున్నాయి. 1884 లో జియలాజికల్ సర్వేకి చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు కలిసి అక్కడ తవ్వకాలు చేశారు. ఈ ఫుట్ దొర మనకి కొత్తవాడేం కాదు. 1863 లో మద్రాసు దగ్గర పల్లవరంలో రాతి గొడ్డలిని గుర్తుపట్టి భారతదేశపు ఆదిమానవుడి చరిత్రకి తలుపు తీసినాయన. బిల్లసుర్గం మట్టిలో దొరికిన ఎముకల్ని 1886 లో లిడెక్కర్ వర్గీకరించాడు. ఆ ఎముకల్లో గబ్బిలాలవీ ఉన్నాయి. అంటే మన రాయలసీమ గుహల్లో వాటి కాపురం మన కాపురాలకంటే పాతది. మనం తర్వాత వచ్చిన అద్దెవాళ్ళం.

అంతకుముందే 1839 లో వాల్టర్ ఎలియట్ అనే ఇంకో దొర ధార్వాడ వైపు జంతువుల పట్టిక ఒకటి అచ్చేశాడు. ఎవరీ ఎలియట్ అంటారా? 1845 లో అమరావతి స్తూపం తవ్వించి శిల్పాలు మద్రాసుకి తరలించింది ఈయనే. అవి తర్వాత లండన్ చేరాయి. ఈయనకో మంచి అలవాటు ఉండేది. జంతువుల పేర్లు పండితుల్ని కాక, వాటిని రోజూ చూసేవాళ్ళని అడిగి రాసుకునేవాడు. అలా అడిగినవాళ్ళలో రాళ్ళు కొట్టే వడ్డెరలు కూడా ఉన్నారు. ఏ బండ కింద ఏది ఉంటుందో వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

స్వాతంత్ర్యం వచ్చాక ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రోసే మధ్య, పశ్చిమ భారతంలో గుహలన్నీ తిరిగి 1962, 63 లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరసగా రాశాడు. 1970 లో హెచ్. ఖజూరియా జబల్‌పూర్ ప్రాంతం నుంచి ఇంకో చిన్న ఆకుముక్కు గబ్బిలాన్ని పరిచయం చేశాడు. దాన్ని దుర్గాదాస్ ఆకుముక్కు గబ్బిలం అంటారు. విచిత్రం ఏమిటంటే అదే గబ్బిలం జబల్‌పూర్‌కి ఎంతో దూరాన మన కోలారు గుట్టల్లో కూడా తేలింది. మధ్యలో ఉన్నది మొత్తం మన తెలుగు నేల, మరాఠా నేల. అక్కడ ఎందుకు కనపడదు? నిజంగా లేదా, ఎవరూ సరిగా చూడలేదా?

చూసేవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు, వాళ్ళ సహచరులు ఈ రెండు గబ్బిలాల అరుపుల్ని రికార్డు చేసి 2016 లో ప్రచురించారు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఇది మహా ఆసక్తిగా ఉంటుంది. మన చెవికి వినపడేది 20 కిలోహెర్ట్జ్ వరకే. కోలారుది 100 కి కాస్త పైన అరుస్తుంది, దుర్గాదాస్‌ది 160 పైన. ఒకే చీకట్లో, ఒకే గుహలో, రెండు వేరువేరు స్టేషన్లు. ప్రతి జాతికీ దాని బ్యాండు దానికుంటుంది కాబట్టి, వలేసి పట్టుకోకుండానే ఒక చిన్న యంత్రం పెట్టి ఏది ఉందో, ఏది లేదో తెలుసుకోవచ్చు. మన దేశంలో గబ్బిలాలు 130 జాతులకు పైనే. వాటిలో పళ్ళు, తేనె మీద బతికేవి పదిహేను లోపే. మిగతావన్నీ దాదాపుగా పురుగుల్ని తినేవి. రాత్రంతా మన చేల మీద జీతం లేని కాపలా.

గోడలు

బండ సందు దొరకనప్పుడు గబ్బిలం పాత కట్టడంలోకి వస్తుంది. దానికి కోటైనా, గుడైనా, దిగుడుబావైనా మనిషి కట్టిన గుహే. చిన్నప్పుడు గోల్కొండకి తీసుకెళ్తే నాకు గుర్తున్నది చప్పట్ల ప్రతిధ్వని కాదు, చీకటి గదుల్లో ఆ వాసన. పేరులోనే గబ్బు ఉంది కదా అని మా క్లాసులో ఒకటే నవ్వులు. గబ్బిలాలు చేరిన ఇల్లు పాడుబడుతుందని మా అవ్వ అనేది. నిజానికి జరిగేది దానికి తిరగేసి. ఇల్లు పాడుబడితే గబ్బిలాలు చేరతాయి. కార్యకారణాలు తారుమారు చెయ్యడం మనకి కొత్తేం కాదు.

తెలుగులో గబ్బిలానికి గౌరవం ఇచ్చినవాడు ఒక్కడే, గుర్రం జాషువా. వినుకొండలో పుట్టినవాడు. అది పల్నాటి మెట్ట, రాళ్ళ సీమ. 1941 లో వచ్చిన 'గబ్బిలం' కావ్యంలో ఒక అంటరాని మనిషి తన గోడు కాశీలో శివుడికి చెప్పమని గబ్బిలంతో కబురు పంపుతాడు. కాళిదాసు మేఘుణ్ణి పంపితే ఈయన గబ్బిలాన్ని ఎందుకు పంపాడు? ఆ మనిషికి గుళ్ళోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది కాబట్టి. అది గర్భగుడిలో దేవుడి చెవి పక్కన వేలాడగలదు. బళ్ళో ఈ పాఠం చదివినప్పుడు నాకు కవి ఊహ మాత్రమే అనిపించింది. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన కళ్ళారా చూసి రాశాడని. పాత గుళ్ళలో గబ్బిలాలుండేవి మరి. ఇప్పుడు జీర్ణోద్ధారణ అని సందులన్నీ సిమెంటుతో పూడ్చి, టైల్స్ వేసి, ఫ్లడ్ లైట్లు పెడుతున్నాం. గుడి బాగుపడాల్సిందే, కాదనను. కానీ ఎక్కువ గబ్బిలాలు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. సరిగ్గా పిల్లలున్న నెలల్లో సందు మూసేస్తే ఆ గుంపు కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పని ఆర్నెల్లు అటో ఇటో జరిపితే దేవుడేం కోప్పడడు.

చెట్లు

ఇక మూడోది. ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి.

పెద్ద గబ్బిలాలు, అంటే రెక్కలు చాస్తే నాలుగడుగులుండేవి, గుహల్లో ఉండవు. మర్రి, చింత, మద్ది లాంటి పెద్ద చెట్లకి వందలకొద్దీ వేలాడతాయి. ఇప్పపూల తేనె తాగి ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకి చేరుస్తాయి. మర్రి, రావి, వేప పళ్ళు తిని గింజల్ని ఎక్కడెక్కడో రాలుస్తాయి. మెట్ట అడవిలో ఒక చెట్టుకీ ఇంకో చెట్టుకీ మధ్య దూరం ఎక్కువ. ఆ దూరం ఒక్క రాత్రిలో దాటగలిగే తోటమాలి ఇదే.

మా ఊరి చెరువుకట్ట కింద చింతతోపు ఉండేది. అందులో నాలుగైదు మాన్ల నిండా గబ్బిలాలే. సాయంత్రం అవి లేచి పోతుంటే అవ్వ దీపం పెట్టేది. గడియారం అక్కర్లేదు. 2018 మే నెలలో కేరళలో, కోజికోడ్, మలప్పురం వైపు నిపా వైరస్ వచ్చి మనుషులు చనిపోయారు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. గబ్బిలాలున్న చెట్టు కింద నడిచినా చాలు, జ్వరం తగులుకుంటుందని. నేను దాన్ని చదివి, నిజమా కాదా అని కనీసం ఒక్క నిమిషం వెతక్కుండా మా ఊరి గ్రూపులోకి తోసేశాను. ఆఫీసులో ఒక్క లైను కోడు మార్చినా ఇద్దరు రివ్యూ చేస్తే గానీ ముందుకు పోనివ్వను. దీనికి మాత్రం ఏ రివ్యూ లేదు.

రెండు వారాల తర్వాత చిన్నాయన ఫోను చేశాడు.

"రే అబ్బోడా, కట్ట కింద చింతమాన్లు కొట్టేస్తిమి. నువ్వు పంపించిన మెసేజే అందరికీ సదివి యినిపిస్తిని. బెంగుళూరులో ఇంజినీరు చెప్పినాక ఇంగెవురు కాదంటారు?"

"మంచి పని చేసినారు చిన్నాయనా" అన్నాను. అవును, అన్నాను.

"పాపం రెండు మూడు దినాలు ఊరిమిందనే తిరగతా ఉండె. కొన్నిటికి కడుపుకి పిల్లోళ్ళు కర్చుకోని ఉండిరి" అన్నాడు. తర్వాత వానల సంగతి మాట్లాడాడు.

చట్టం అడ్డుపడలేదా అంటారేమో. అప్పటికి చట్టం కూడా నా వైపే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అయిదో షెడ్యూల్ అని ఒకటుండేది. హానికర జంతువుల చిట్టా. కాకి, ఎలుక, చిట్టెలుకల పక్కన పళ్ళు తినే గబ్బిలాలు కూడా అందులో ఉన్నాయి. వాటిని చంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తోటల్లో పళ్ళు పాడుచేస్తాయని పెట్టిన మాట అది. యాభై ఏళ్ళు అలాగే ఉంది. 2022 లో చట్టం సవరించి ఆ షెడ్యూల్ మొత్తం ఎత్తేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఫలానా జంతువు హానికరం అని ప్రకటించే అధికారం మాత్రం కేంద్రం దగ్గర ఇంకా ఉంది.

భయం పూర్తిగా ఉత్తదని నేననను. కేరళలో పెద్ద గబ్బిలాల్లో నిపా వైరస్ ఆనవాళ్ళు దొరికిన మాట నిజం. కొరికిన పళ్ళు తినకూడదు, గుంపులుండే చోటికి పనిలేకుండా పోకూడదు. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈత, ఖర్జూర నీరా తాగినవాళ్ళకి నిపా వచ్చింది, ఎందుకంటే రాత్రిపూట గబ్బిలాలు ఆ ముంతల దగ్గర నాకి పోతాయి. అక్కడ ముంత చుట్టూ వెదురు తడిక కడితే అవి దగ్గరికి రాలేవని పరిశోధకులు చూపించారు. తడికతో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

గొడ్డలి పనిచెయ్యదు అనడానికి ఉగాండాలో జరిగింది చూడండి. 2007 లో కిటాకా అనే గనిలో కార్మికులకి మార్బర్గ్ వైరస్ సోకింది. గనిలో లక్షకి దగ్గరగా ఉన్న గబ్బిలాల్ని తర్వాత దాదాపు పూర్తిగా చంపేశారు. 2012 కి కొత్తవి వచ్చి చేరాయి, మునుపటికంటే చాలా తక్కువ. కానీ చంపకముందు వాటిలో వైరస్ ఉన్నవి 5.1 శాతం అయితే, కొత్తగా చేరినవాటిలో 13.3 శాతం. అదే ఏడాది దగ్గరలోని ఇబాండా పట్టణంలో జబ్బు మళ్ళీ వచ్చింది. గుంపుని చెదరగొడితే జబ్బు తగ్గుతుందనుకున్నారు, అది ఎక్కువై తిరిగొచ్చింది.

ఈ లెక్కలన్నీ నేను చదివింది తోపు పోయిన రెండేళ్ళకి. 2020 లో కరోనా వచ్చి మళ్ళీ గబ్బిలాల మీద పడ్డప్పుడు, ఈసారైనా తెలుసుకుని మాట్లాడదామని కూర్చున్నాను. అప్పుడే హనుమనహళ్ళి పేరు కంటపడింది.

మళ్ళీ ఆ గుహ దగ్గరికి

హనుమనహళ్ళి గబ్బిలానికి వచ్చిన ముప్పు వైరస్ భయం కాదు, గ్రానైట్. చుట్టుపక్కల అనుమతి లేని రాతి తవ్వకాలు, పేలుళ్ళు. గుట్టనేది రెవెన్యూ రికార్డులో ఏమని ఉంటుందో ఊళ్ళో పుట్టిన అందరికీ తెలుసు. పోరంబోకు, గయాళు, బీడు. ఎవరిదీ కానిది, ఏమీ పండనిది. చెరువుకట్ట కూడా అంతే, శ్మశానం పక్క మర్రి కూడా అంతే. మన మెట్ట సీమలో గబ్బిలం ఉండే చోట్లు వరసగా రాసుకుంటూ పోతే, అది సగం పోరంబోకు జాబితాయే.

నా వృత్తిలో దీనికి దగ్గర పోలిక ఒకటుంది. పాత ప్రాజెక్టులో ఎవరూ పిలవని ఫంక్షన్ ఒకటి కనపడుతుంది. కామెంట్లు ఉండవు, రాసినవాడు ఎప్పుడో ఉద్యోగం మానేసి ఉంటాడు. కొత్తగా చేరినవాడు ఉత్సాహంగా తీసేస్తాడు. నెలాఖరు రాత్రి బిల్లింగు ఆగిపోతుంది. అప్పుడు తెలుస్తుంది, అది నెలకొక్కసారి మాత్రమే పనిచేసేదని. కోడైతే పాత వెర్షన్ తెచ్చుకోవచ్చు. కోలారు గబ్బిలానికి పాత వెర్షన్ లేదు.

బెంగుళూరులోని బ్యాట్ కన్జర్వేషన్ ఇండియా ట్రస్ట్ కర్ణాటక అటవీశాఖతో కలిసి ఆ గుహల కోసం పనిచేస్తోంది. 2019 నాటికి గుహల చుట్టూ 30 ఎకరాలు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 30 ఎకరాలంటే మా ఊళ్ళో ఒక మోతుబరి పొలం. ఒక జాతి మొత్తానికి అంతే. దాని చుట్టూ ఉన్న పొదలు కూడా నిలవాలి, ఎందుకంటే ఇలాంటి చిన్న గబ్బిలాలు గుహకి దగ్గర్లోనే పురుగుల వేటకి తిరుగుతాయి. అయినా ప్రభుత్వ కాగితంలో ఆ గుట్ట 'ఏమీ లేనిది' నుంచి 'ఏదో ఉన్నది'గా మారింది. అది చిన్న విషయం కాదు.

బుద్ధిమంతుడిలా ఇదంతా రాస్తున్నానా, మా ఇంటి వంటగట్టు గ్రానైట్. నిగనిగలాడే నల్లది. కొనేటప్పుడు మెరుపు చూశాను, అడుగు లెక్క బేరమాడాను. ఏ గుట్ట నుంచి వచ్చిందని అడగలేదు. అడిగినా షాపువాడు చెప్పగలిగేవాడు కాదేమో. ఈసారి ఎవరైనా ఇల్లు కట్టుకుంటూ నన్ను సలహా అడిగితే, కనీసం లీజు ఉన్న క్వారీదో కాదో బిల్లు చూడమని చెప్తున్నాను. ఇద్దరు నవ్వారు. ఒకాయన మాత్రం అడిగాడట.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కట్ట మీద నిలబడ్డాను. చింతమాన్ల మొదళ్ళు ఇంకా ఉన్నాయి, ఒకదానికి పక్కనుంచి చిగురు వచ్చింది. నిజం ఏమిటో చిన్నాయనకి చెప్పాను. నేను పంపింది అబద్ధమని, తెలుసుకోకుండా పంపానని. ఆయన కాసేపు మాట్లాడలేదు. "పోనీలే, గుడి ఎనకాల మర్రిమాను ఉండాదిలే. ఆడికి కొన్ని వచ్చినాయి. దాని జోలికి ఎవుర్నీ పోనీను" అన్నాడు. మదురై వైపు పులియంగుళం అనే ఊళ్ళో మర్రి మీది గబ్బిలాల్ని ముని దేవుడివని తరతరాలుగా ముట్టుకోరని శాస్త్రవేత్త మారిముత్తు 1988 లోనే రాశాడు. వాళ్ళకి దేవుడున్నాడు. మా మర్రికి ప్రస్తుతానికి డెబ్భై రెండేళ్ళ చిన్నాయన ఉన్నాడు.

ఆ మర్రి ఉన్న సర్వే నంబరు వెతికి చూశాను. గ్రామ పోరంబోకు. మీ ఊళ్ళో కూడా గబ్బిలాల చెట్టో, గుట్టో ఉండే ఉంటుంది. దాని నంబరు ఎదురుగా ఏమని రాసుందో ఒకసారి చూడండి.